హుడ్డు దించిన బ్యూక్

మా నాయనగారు ముప్పది యేండ్లు డ్రైవరు పని చేసిరి. అందు పందొమ్మిది యేండ్లు నడిపినది ఒకే బండి. అది 1947వ సంవత్సరపు బ్యూక్ సూపర్ అను అమెరికా కారు. దాని పైకప్పు ఇనుప రేకు కాదు, మందపు గుడ్డ. వలసినప్పుడు దానిని వెనుకకు మడచి ఆకాశము క్రింద పోవచ్చును. వాన వచ్చిన మరల పైకి తెచ్చి మూయవచ్చును. ఆంగ్లమున అట్టి బండిని కన్వర్టిబుల్ అందురు. మా నాయనగారును ఆనాటి బెంగుళూరు డ్రైవర్లును ఆ కప్పును 'హుడ్డు' అనియే పిలిచెడివారు గనుక మేమును ఈ వ్యాసమునందు ఆ మాటనే వాడెదము.

ఈ సంచికకు ఏదేని చరిత్ర విషయము వ్రాయుమని సమాజమువారు కోరినప్పుడు మేము కొంత తటపటాయించితిమి. శాసనములను చదివి రాజవంశములను నిర్ణయింపగల పండితులు ఈ నగరమున మన వారిలోనే కలరు. మేమో ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, ప్రభుత్వ కచేరీలో ఫైళ్లకు సంఖ్యలు వేసి, పింఛను పుచ్చుకొన్న గుమాస్తాలము. కాని మా యింట ఒక దస్తావేజు కలదు. అది మా నాయనగారు ఆ బండిని గురించి తెలుగున వ్రాసికొన్న లెక్కపుస్తకము. ఎన్ని మైళ్లు నడచినది, ఎన్ని గాలన్ల పెట్రోలు పోసినది, ఏ తేదీన నూనె మార్చినది, ఏ భాగము ఏల చెడినది అను సంగతులన్నియు అందున్నవి. నడుమ ఒక పుటనుండి గాలను పోయి లీటరు వచ్చును. దేశము మెట్రిక్ కొలతలకు మారిన సంగతి మాకు పాఠశాలలోకంటె ముందు ఆ పుస్తకముననే తెలిసినది.

బండి సంగతికి ముందు దాని వంశమును కొంచెము చెప్పవలెను. మోటారు బండ్లు పుట్టిన కాలమున అన్నియు తెరపి బండ్లే. గుఱ్ఱపు బగ్గీకున్న మడత కప్పునే వానికిని అమర్చిరి. ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వరకు కోటిన్నర సంఖ్యలో అమ్మిన 'మోడల్ టి' బండ్లలో తొలినాటివి మిక్కిలిగా అట్టివే. వాన వచ్చిన ప్రక్కలకు గుడ్డ తెరలు కట్టుకొనవలెను; అవి కట్టులోపల ప్రయాణికులు తడియుట ముగియును. మూసిన బండి కొయ్యపనివలన ఖరీదైనది గనుక ధనికులకే దక్కెను. 1919 నాటికి కూడ అమెరికాలో తయారగు బండ్లలో పదింట తొమ్మిది తెరపివే. తరువాతి పదేండ్లలో మూసిన బండి చౌక పడగా ఈ లెక్క తలక్రిందులయ్యెను. అప్పటినుండి తెరపి బండి వేడుక కోరువారి వస్తువయ్యెను. మా పల్లెలో రాగిసంకటి తినుట పేదరికమని యెంచినవారి మనుమలు నేడు బెంగుళూరు హోటళ్లలో దానికై వరుసలో నిలుచుట చూచుచున్నాము, ఇదియు అట్టిదే.

వేడుకకు మారిన పిమ్మట దాని పనితనము పెరిగెను. గుడ్డ తెరలకు మారుగా తలుపులలో పైకి క్రిందికి పోవు అద్దములు వచ్చెను. 1939లో ప్లిమత్ వారు మీట నొక్కినంతనే తనంత మడుగు హుడ్డును అమర్చిరి; అది ఇంజను పీల్చు గాలి బలముచే కదలెడిది. యుద్ధానంతరపు మా బ్యూక్‌లో ఆ పనిని నూనె చేసెడిది. ఒక చిన్న విద్యుత్ మోటారు పంపును త్రిప్పగా, నూనె సన్నని గొట్టముల గుండ పోయి రెండు ప్రక్కలనున్న సిలిండర్లను నెట్టును, హుడ్డు లేచును. తలుపు అద్దములను సైతము ఆ నూనెయే పైకెత్తును, దించునవి స్ప్రింగులు. కావున గొట్టము కారి నూనె ఒత్తిడి తగ్గినచో అద్దములు మెల్లమెల్లగా తమంతనే దిగజారును. ఇది వానకాలముననే జరుగుచుండుట ఆ బండి స్వభావములలో ఒకటి.

మా నాయనగారు చిత్తూరు జిల్లా పుంగనూరు ప్రాంతమునుండి బెంగుళూరు వచ్చి, 1955లో ఒక కాఫీ తోటల యజమాని యొద్ద కుదిరిరి. వారికి చిక్కమగళూరు వైపు తోటలు, బసవనగుడిలో ఇల్లు. బండి షెడ్డు వెనుకనున్న రెండు గదులలో మా కాపురము. ఆ కారణమున మేము పుట్టి పెరిగినది ఆ బండి నీడనే యని చెప్పినను తప్పు లేదు. తెల్లవారుజామున నాయనగారు షెడ్డు తలుపు తీసి, మొదట బండికి నమస్కరించి, పిదప తడి గుడ్డతో కాక ఎండు మెత్తటి గుడ్డతో మంచు తుడిచెడివారు. తరువాత కూర్చుండి తాళము త్రిప్పి, యాక్సిలరేటరును పాదముతో అదిమెడివారు. బ్యూక్ బండ్లలో సెల్ఫుకు వేరు మీట లేదు. ఆ పెడలు నొక్కిననే ఇంజను మేలుకొనును. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో నిలిచిన ఆ పొడవైన ఇంజను మేలుకొన్న తరువాత, అది నడచుచున్నదో ఆగినదో తెలియుటకు బానెట్టు మీద చేయి వేసి చూడవలసి యుండెను. మా తమ్ముడు దానిమీద నీళ్ల గ్లాసు నిలిపి చూచి, నీరు తొణకలేదని ఊరంతయు చాటెను. అందుకు నాయనగారి చేత దెబ్బలు తినెను. నీరు తొణకినందుకు కాదు, గ్లాసు అడుగు రంగుకు గీత పెట్టునని.

అట్టి బండి నాడు బెంగుళూరుకు వచ్చుట యెట్లు? జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయి సివ్రీలో కర్మాగారము నెలకొల్పి, విదేశమునుండి భాగములు తెచ్చి షెవర్లె బండ్లను బిగించి అమ్మిరి. ఫోర్డువారు 1926లోనే ఇచట కంపెనీ పెట్టియుండిరి. బండ్లు బిగించుటయే గాని తయారు చేయుట యిచట లేదు. ఆ లోటును మొదట పట్టించుకొన్నవారిలో మన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారొకరు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము గ్రామమువారు. వారు పుట్టినది మైసూరు సంస్థానమున ముద్దెనహళ్లి. 1908 వరదల పిమ్మట హైదరాబాదుకు మూసీ రక్షణ పథకమును వేసిన మహనీయునిగా మన తెలుగువారెల్లరు వారిని ఎరుగుదురు గాని, మోటారు పరిశ్రమకై వారు పడిన శ్రమ అంతగా ఎరుగరు. డెబ్బది యేండ్లు పైబడిన వయస్సున, 1935లో, ఐరోపా అమెరికా దేశములు తిరిగి కర్మాగారములను చూచి వచ్చి, భారతదేశమున కారు తయారు చేయుటకు పథకము వ్రాసిరి. పారిశ్రామికుడు వాల్‌చంద్ హీరాచంద్ దానిని చేపట్టెను. మైసూరు ప్రభుత్వము తోడ్పడుటకు ముందుకు వచ్చెను. బెంగుళూరులోనే కర్మాగారము వెలయు సూచనలుండెను. కాని ఢిల్లీలోని ఆంగ్ల ప్రభుత్వమువారికి అది రుచింపలేదు. పని ఆగిపోయెను.

విచిత్రమేమన, ఆ కారు యత్నములో అమెరికా వెళ్లిన వాల్‌చందునకు పాలీ అను విమాన వ్యాపారితో పరిచయము కలిగెను. దాని ఫలితమే 1940 డిసెంబరున బెంగుళూరులో మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యముతో పుట్టిన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ. నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్సుకు అదియే మూలము. కారు అడిగిన ఊరికి విమానము దక్కినది! వాల్‌చంద్ కారు కోరిక వేరొక చోట తీరెను: బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమున 1947 నుండి క్రైస్లరు వారి డాడ్జి, ప్లిమత్, డిసోటో బండ్లను బిగించిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన ప్రభుత్వము, తయారు చేయువారికే చోటు గాని బిగించి అమ్మువారికి లేదని నిర్ణయించెను. 1954 నాటికి జనరల్ మోటార్సువారు సివ్రీ కర్మాగారమును మూసిరి. ఫోర్డువారును ఆ కాలముననే వెడలిరి. (ఇరువురును 1990 తరువాత మరల వచ్చిరి, 2017లో ఒకరు అమ్మకము మానిరి, 2021లో మరియొకరు తయారీ మానుచున్నామని ప్రకటించిరి. రెండు మారులు వచ్చి రెండు మారులు పోయిన చుట్టములు!) కొత్త విదేశీ బండి తెప్పించుట సామాన్యులకే కాదు, ధనికులకును దుర్లభమయ్యెను. అందుచేత అప్పటికే దేశములోనున్న బండిని కాపాడుకొనుట తప్ప మార్గము లేకపోయెను. అమెరికాలో మూడేండ్లకొక కారు మార్చి పాతదానిని ఇనుప సామానుగా అమ్మివేసిన కాలమున, మన దేశమున అదే బండిని పాతికేండ్లు నడిపిరి. నేడు చెక్కుచెదరని పాత అమెరికా కార్లు ఇచట కనబడుటకు మన రసికతయే కారణమని కొందరందురు. దిగుమతి నిషేధము చేసిన మేలును వారు మరచుచున్నారని మా యభిప్రాయము.

బెంగుళూరు విషయమున వేరొక కారణము కూడ కలదు. ఈ నగరము సముద్రమునకు దూరమున, దాదాపు మూడువేల అడుగుల ఎత్తున నున్నది. మదరాసులో ఉప్పుగాలికి తలుపు అడుగులు నాలుగేండ్లలో తుప్పు పట్టును; హుడ్డు గుడ్డ ఎండకు పిట్లిపోవును. ఇచట ఎండ మెత్తన, గాలి పొడి. హుడ్డు దించి పోవుటకు ఏడాదిలో ఇన్ని దినములు అనుకూలించు ఊరు దక్షిణాదిన మరియొకటి అరుదు. నాయనగారి పుస్తకములో ఒక హుడ్డు గుడ్డ పదునొకండేండ్లు వచ్చినట్లున్నది. శివాజీనగరులో కుషను పని చేయు ఒక వృద్ధుడు కొత్త గుడ్డ కుట్టెను. కొలతకు పాత గుడ్డను విప్పి నేలపై పరచి, దాని ప్రతి కుట్టును లెక్కించి, అన్నియే కుట్లు వేసెను. కూలి ఎంత ఇచ్చినదియు వ్రాసియున్నది. దాని ప్రక్కన "ఇంకా ఇయ్యవలసినది" అని నాయనగారి మాట.

తోటలకు పోవునప్పుడు దారి కుణిగలు, చన్నరాయపట్టణము, హాసన, బేలూరు మీదుగా. ఒక్క మారు మమ్మును తీసికొని పోయిరి. మాకప్పుడు తొమ్మిదవ యేడు. హాసన దాటిన తరువాత యజమానిగారు హుడ్డు దింపుమనిరి. మీట నొక్కగా ఆ నల్లని కప్పు వెనుకకు ఒరిగి, మడతలు పడి, ఏనుగు మోకాళ్లూని కూర్చున్నట్లు కూర్చుండెను. ఒక్కసారిగా చెట్లన్నియు మా మీదికి వంగినట్లయ్యెను. మూసిన కారులో చెట్టు కిటికీ ప్రక్కగా పోవును. తెరపి కారులో చెట్టు క్రింద మనము పోవుదుము. కాఫీపూల వాసన, తడి మట్టి వాసన, ఎక్కడో కట్టెల పొగ ఒకటొకటిగా వచ్చి తాకెను. వేగము గంటకు ముప్పది మైళ్లు కూడ లేదు. అమెరికా సినిమాలలో ఈ బండ్లను తుఫానువలె నడుపుదురు గాని, వాని ఆనందము మెల్లగా పోవుటయందే కలదని నాటినుండి మా నమ్మకము.

ఈ బండ్ల కాలము ఎట్లు ముగిసెనో క్లుప్తముగా చెప్పెదము. 1963 నవంబరు 22న డల్లాసు నగరమున అధ్యక్షుడు కెన్నెడీ కప్పు లేని లింకన్ కారులో పోవుచు హతుడయ్యెను. పెద్దలు తెరపి బండిలో ప్రజల నడుమ పోవుట అప్పటినుండి తగ్గెను. 1976లో కాడిలాక్ వారు ఇదియే కట్టకడపటి అమెరికా కన్వర్టిబుల్ అని చాటి అమ్మిరి. కొన్నవారు దాచుకొనిరి, కొన్నేండ్లకే క్రైస్లరువారును, పిదప కాడిలాక్ వారును మరల తెరపి బండ్లు చేయగా, కడపటిదని నమ్మి కొన్నవారిలో కొందరు కోర్టుకెక్కిరి. మన దేశమున దెబ్బ వేరు దారిన వచ్చెను. 1971లో రాజభరణములు రద్దయి సంస్థానముల షెడ్లు ఖాళీ కాజొచ్చెను. 1973 చివర పెట్రోలు ధర మండిపోయెను. గాలనుకు పదునైదు మైళ్లు కూడ పోని బండిని ఎవరు భరింతురు? 1974లో మా యజమానిగారు బ్యూక్‌ను అమ్మివేసిరి. కొన్నవాడు లారీ వెనుక త్రాడు కట్టి లాగికొనిపోయెను. బండి నడచునని, తానే నడిపి దిగబెట్టుదునని నాయనగారు చెప్పినను వినలేదు. పెట్రోలు దండుగ అనెను. ఆ దినము నాయనగారు అన్నము తినలేదు. లెక్కపుస్తకమును మాత్రము ఎవరును అడుగలేదు గనుక అది మా పెట్టెలో మిగిలెను. నాయనగారు తరువాత అంబాసిడరు నడిపిరి. దానికి పుస్తకము పెట్టలేదు.

నేడు పాత బండ్లకు గౌరవము కలిగినది. శ్రీరంగపట్టణము దగ్గర ధర్మస్థల క్షేత్రమువారు 'పయణ' అను పేర కార్ల ప్రదర్శనశాలనే నిర్మించిరి. 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసి, ఏబది యేండ్లు దాటిన బండ్లకు 'వి.ఎ.' అను అక్షరములతో వేరు నమోదు ఏర్పరచెను. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. నిత్యపు రాకపోకలకు గాని బాడుగకు గాని వానిని వాడరాదు. చట్రము, ఒడలు, ఇంజను మార్పు పొందక మూలరూపముననే యుండవలెను. ఫైళ్లలో నిబంధనలు చదువుట మా వృత్తి గనుక ఈ ఒక్క నిబంధన మాకు మిక్కిలి నచ్చినదని చెప్పుటకు సందేహింపము. ఏలనన, ఊరేగింపులలో మేము చూచు బండ్లు కొన్ని అద్దమువలె మెరయును. కాని లోపల జపాను ఇంజను, క్రొత్త ఇరుసు, సీటుకు నిన్నటి రెక్సిను. అవి పాత బండ్లు కావు, పాత బండి ముసుగు వేసికొన్న క్రొత్త బండ్లు. చక్కగా నిలిచిన బండి అనగా మా దృష్టిలో పెడలు రబ్బరు ఒక ప్రక్క అరిగియుండవలెను. ఆ అరుగుదల ఒక మనిషి పాదము.

రెండేండ్ల క్రిందట ఒక ఆదివారము కబ్బన్ పార్కు ప్రక్క వీధిలో మనుమరాలిని నడిపించుకొని పోవుచుండగా అట్టి బ్యూక్ ఒకటి నిలిచియుండెను. మాది కాదు; మాది మాసిన ఆకుపచ్చ, ఇది మీగడ రంగు. కాని ఏడాది అదియే, రూపమదియే. బానెట్టు చివర తుపాకి గురి వంటి ఆ వలయము అదియే. రంగు అక్కడక్కడ పలుచబడి, మడ్గార్డుపై చిన్న సొట్ట కనబడెను. మేము చుట్టు తిరిగి చూచుట చూచి యజమాని దిగి వచ్చెను. నలుబదేండ్ల కన్నడ యువకుడు, కంప్యూటరు ఉద్యోగి. బండి బాగున్నదనియు, హుడ్డు మాత్రము సగము లేచి నిలిచిపోవుచున్నదనియు, నూనె పద్ధతిని తీసివేసి ఈనాటి విద్యుత్ మోటార్లు పెట్టించెదననియు చెప్పెను.

"నూనె ఏది పోసిరి?" అని మేము అడిగితిమి.

మంచి ఇంజను నూనెయే, ఖరీదైనదే, అని అతడు చెప్పెను.

ఇంటికి పోయి పుస్తకము తీసితిమి. 1958 జూలై పుటలో నాయనగారి అక్షరములు: "హుడ్డు పంపునకు బ్రేకు నూనె మాత్రమే. ఇంజను నూనె పోయరాదు. రబ్బరు ఉబ్బి పట్టుకొనును. కారిన చోట రంగు లేచిపోవును, వెంటనే నీళ్లు పోసి కడుగవలెను." తరువాతి పుటలో హుడ్డు సిలిండర్లను విప్పు వరుస, గాలి తీయు విధము, చిన్న బొమ్మ.

ఆ వారమే జె.సి. రోడ్డు ప్రక్క సందులోని ఒక షెడ్డుకు పుస్తకము తీసికొని పోయితిమి. మెకానికు కోలారు వాడు, తెలుగువాడే. నిబంధన ప్రకారము హుడ్డు మోటారు మార్చినంత మాత్రమున నమోదుకు భంగము లేదని యజమాని వాదించెను. అది నిజమే, నిబంధనలో హుడ్డు మాట లేదు. మాకు ప్రత్యుత్తరము తోచక పుస్తకమును మెకానికు చేతికిచ్చితిమి. అతడు పుట మీద వ్రేలుంచి ఒక్కొక్క మాట చదివి, "తాతా, ఇది రాసినాయన చేత్తో చేసినోడు, విని రాసినోడు కాదు. ఒక్కసారి ఈయన చెప్పినట్టే చేసి చూస్తా, కాకపోతే మోటార్లే పెడదాం" అనెను. యజమాని వారము గడువిచ్చెను.

సిలిండర్లు విప్పగా రబ్బరు కప్పులు ఉబ్బి మెత్తబడియుండెను. అట్టి కొలత కప్పులు నేడు దొరకవు; లారీ బ్రేకులకు వాడునవి రెండు మూడు రకములు తెచ్చి, ఒకదానిని అంచు చెక్కి అమర్చిరి. గొట్టములను స్పిరిటుతో కడిగిరి. బ్రేకు నూనె పోసి గాలి తీసిరి. నాలుగు దినములు పట్టెను. అయిదవ దినము మాకు ఫోను రాగా మనుమరాలిని వెంటబెట్టుకొని పోయితిమి.

మెకానికు మీట లాగెను. పంపు మూలుగు వినబడెను. హుడ్డు మడత విప్పి లేచి, సగమున ఆగెను. యజమాని మా వంక చూచెను. మెకానికు పుస్తకము తెరచి, బొమ్మ క్రింద చిన్న అక్షరములలో నున్న పంక్తిని చదివెను: "సగమున ఆగిన భయపడవలదు. కుడివైపు కమ్మికి చేయి ఆనించి కొంచెము ఎత్తవలెను." అతడు సీటులో నున్నందున ఆ ప్రక్కకు మేమే పోయితిమి. చేయి ఆనించితిమి. హుడ్డు కదలి, మా అరచేతిని విడిచి, ముందుకు వచ్చి అద్దపు చట్రము మీద కూర్చుండెను.

మరల దింపి చూపుమని మనుమరాలు అడిగెను.